వీసీడీ ఫైల్ నుంచి చిప్ టెస్ట్ వెక్టర్లు తీయడం

నమస్తే, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. కిందటి వీడియోలో చేసిన కౌంటర్, అంటే క్లాక్ కొట్టినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టే సర్క్యూట్, చూసి గుణుపురం నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "బావా, సిమ్యులేషన్‌లో బాగానే ఉంది. చిప్‌లో కాల్చాక కూడా అలాగే లెక్కపెడుతోందని ఎలా తెలుస్తుంది?" అని. దానికే ఈ వీడియో. సిమ్యులేషన్‌లో సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో రాసి ఉండే ఫైల్ వీసీడీ. దాని నుంచి టెస్ట్ వెక్టర్లు తీద్దాం. అంటే ఏ ఇన్‌పుట్ ఇస్తే ఏ ఔట్‌పుట్ రావాలో చెప్పే లైన్లు. చిప్‌ని కాల్చే పరికరం, అదే ప్రోగ్రామర్, వాటితో అసలు చిప్‌ని పరీక్షిస్తుంది.

ముందే ఒక మాట. టెక్నికల్ మాటలకు కొత్త తెలుగు పదాలు పుట్టించను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. క్లాక్‌ని క్లాక్ అనే అంటాను.

చిప్ ఏటీఎఫ్ 16వీ8, మనకు కావలసిన లాజిక్‌ని కాల్చుకునే చిప్, ఇరవై పిన్నులు. ఒకటో పిన్ను క్లాక్, రెండు రీసెట్, మూడు ఎనేబుల్. పదహారు నుంచి పంతొమ్మిది వరకు కౌంటర్ ఔట్‌పుట్లు క్యూ0, క్యూ1, క్యూ2, క్యూ3. టెస్ట్‌బెంచ్‌లో, అంటే డిజైన్‌ని పరీక్షించే వెరిలాగ్ కోడ్‌లో, డాలర్ డంప్‌ఫైల్, డాలర్ డంప్‌వార్స్ పెట్టి ఐకారస్ సిమ్యులేటర్‌లో నడిపితే వీసీడీ వస్తుంది. అది మీకు తెలిసిందే.

ఇప్పుడు ఆ వీసీడీని మామూలు ఎడిటర్‌లో తెరవండి. ఇది బ్యాంకు పాస్‌బుక్ లాంటిది. డబ్బు వేసినా తీసినా ఎంట్రీ పడుతుంది, లేకపోతే ఏమీ ఉండదు. సిగ్నల్ మారిన క్షణం మాత్రమే ఇందులో కనిపిస్తుంది. మనం రాయాల్సిన జెడెక్ వెక్టర్లేమో, అంటే చిప్‌లో కాల్చే జెడెక్ ఫైల్‌లోని టెస్ట్ లైన్లు, బడిలో హాజరుపట్టీ. మారినా మారకపోయినా ప్రతి క్లాక్‌కూ ఒక లైన్, అందులో ప్రతి పిన్నుకూ ఒక అక్షరం ఉండాలి. కాబట్టి మన పైథాన్ స్క్రిప్ట్ ప్రతి సిగ్నల్ ఆఖరి విలువను గుర్తుపెట్టుకుంటూ పోవాలి.

మరి ఏ క్షణంలో చూసి రాయాలి? అసలు తలనొప్పి ఇక్కడే. జెడెక్‌లో సీ అంటే క్లాక్ ఒకసారి పైకి లేచి కిందికి దిగడం. ఇన్‌పుట్లు పెడతారు, క్లాక్ కొడతారు, ఆ తర్వాత ఔట్‌పుట్ చూస్తారు. నా క్లాక్ 5 నానోసెకన్ల దగ్గర లేస్తుంది, 10 దగ్గర దిగుతుంది. ఇన్‌పుట్లను దిగేటప్పుడే మారుస్తాను. అందుకే 9, 19, 29 దగ్గర చూస్తాను. అప్పటికి ఔట్‌పుట్ కొత్తది వచ్చి కుదురుకుంది, ఇన్‌పుట్ ఇంకా పాతదే. సరిగ్గా లేచే క్షణంలో చూశారో, పాత విలువ దొరుకుతుందో కొత్తదో చెప్పలేం.

టెస్ట్‌బెంచ్ టైమ్‌స్కేల్‌లో 1 నానోసెకను, 1 పికోసెకను అని రాసుంటే ఫైల్‌లో సమయం పికోసెకన్లలో ఉంటుంది. 9 కాదు, 9000 దగ్గర ఉన్న విలువ తీసుకోవాలి.

నేను ఒక పూట పోగొట్టుకున్న చోటు చెబుతాను. వీసీడీ ఎడమవైపు సున్నాలు రాయదు. నాలుగు బిట్ల 0001ని ఉత్త బీ1 అని రాస్తుంది. నా స్క్రిప్ట్ ఆ ఒకటిని క్యూ3 అనుకుంది. మూడు చిప్‌లూ ఫెయిల్. చిప్‌లు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను పాపం, తప్పు నాదే. ఎడమవైపు సున్నాలు నింపండి. మొదటి అక్షరం ఎక్స్, అంటే విలువ తెలియనిది, అయితే ఎక్స్‌తో నింపండి. తర్వాత తిరగేయండి, ఎందుకంటే జెడెక్ లైన్ పిన్ను నంబరు వరసలో ఉంటుంది, మన క్యూ0 ముందొస్తుంది.

రెండో లైన్ చదువుతాను, మీరూ లెక్కపెట్టండి. సీ, సున్నా, ఒకటి, వాడని ఇన్‌పుట్లకు ఆరు ఎక్స్‌లు, గ్రౌండ్‌కి ఎన్, ఔట్‌పుట్లను ఆన్ చేసే పదకొండో పిన్నుకి సున్నా, వాడని ఔట్‌పుట్లకు నాలుగు ఎన్‌లు, హెచ్, ఎల్, ఎల్, ఎల్, చివర కరెంటు పిన్నుకి ఎన్. ఇరవై అక్షరాలు. ఎన్ అంటే కరెంటు, గ్రౌండ్ పిన్నులు, పరీక్షించని ఔట్‌పుట్లు. ముందు వీ0002, వెనక నక్షత్రం. ఇన్‌పుట్‌కి సున్నా, ఒకటి. ఔట్‌పుట్‌కి సున్నా అయితే ఎల్, ఒకటి అయితే హెచ్. సిమ్యులేషన్‌లో ఔట్‌పుట్ ఎక్స్‌గా ఉంటే ఇక్కడా ఎక్స్ వేయండి, ఆ పిన్నును చూడొద్దని అర్థం.

రీసెట్‌కి ఒకటి, లెక్కకి పదహారు, మొత్తం 17 లైన్లు. వీటిని జెడెక్ ఫైల్‌లో ఫ్యూజ్ లైన్ల తర్వాత, అంటే చిప్ లోపల ఏ కనెక్షన్ ఉండాలో చెప్పే లైన్ల తర్వాత, అతికించండి. పిన్నుల సంఖ్య చెప్పే క్యూపీ20, వెక్టర్ల సంఖ్య చెప్పే క్యూవీ17 మాత్రం ఫ్యూజ్‌లకు ముందే ఉండాలి. ఫైల్ చివరి చెక్‌సమ్, అంటే ఫైల్ పాడవలేదని సరిచూసే మొత్తం, మారిపోతుంది. లెక్క కట్టే ఓపిక లేకపోతే 0000 పెట్టండి, ప్రమాణం ఒప్పుకుంటుంది. ఫ్యూజ్ చెక్‌సమ్‌ని ముట్టుకోకండి.

చిప్ పాస్ అయిందా? అప్పుడే సంబరపడకండి. ఒక లైన్‌లో హెచ్‌ని ఎల్ చేసి మళ్లీ నడపండి. అప్పుడూ పాస్ అంటే మీ ప్రోగ్రామర్ వెక్టర్లను చదవనే లేదు. సెట్టింగ్స్‌లో వెక్టర్ టెస్ట్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.