హాల్లో బల్ల మీద ఏ సిస్టమ్ పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని లైబ్రరీ దాకా వచ్చారు, చాలా సంతోషం. ఎండ ముదరకముందే ముగిస్తాను.

ఇరవై ఏళ్లకు పైగా నా బతుకు కంప్యూటర్లతోనే. మొదట అచ్చుకి పేజీలు తయారుచేసే డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు, కరపత్రాలు కొట్టేవాణ్ణి. తర్వాత సిస్టమ్‌లు బిగించడం, రిపేరు చేయడం నేర్చుకున్నాను. ఏటా జూన్ వచ్చిందంటే షాపులో ఒకటే ప్రశ్న: "అన్నా, పాపకి కంప్యూటర్ కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు?" వాళ్లు అప్పటికే డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా, యాపిలా, క్రోమ్‌బుక్కా అని నలుగురి దగ్గర నాలుగు సలహాలు విని తికమకపడి ఉంటారు. నేను ముందు వాళ్లని ఒక మాట అడుగుతాను: "మూడేళ్ల తర్వాత అది పాడైతే ఏం చేస్తారు?" కొనేటప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించరు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నేను తిన్న దెబ్బ ముందు చెప్తాను. కొన్నేళ్ల కిందట మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా కొత్త ల్యాప్‌టాప్ ఒకటి తక్కువ ధరకి దొరికింది. సన్నగా, తేలిగ్గా, ముచ్చటగా ఉంది. ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ, 4 జీబీ. ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ 32 జీబీ. విండోస్, దాని సొంత ఫైళ్లే 20 జీబీ పైన తినేశాయి. ఆరు నెలలు తిరక్కుండానే అప్‌డేట్ దిగడానికి చోటు లేదని మెసేజ్. ఫొటోలు తీసేశాను, సాఫ్ట్‌వేర్లు తీసేశాను, అయినా చాలలేదు. సరే, విప్పి ఎస్‌ఎస్‌డీ అనే స్టోరేజ్ ముక్క వేద్దామని వెనక మూత తీశాను. దాన్ని తగిలించే స్లాట్ లేదు. ర్యామ్, స్టోరేజ్ రెండూ బోర్డు మీదే అతికించి ఉన్నాయి. ఒకరోజు రాత్రి పదకొండింటికి, తెల్లారితే స్కూల్లో ఇవ్వాల్సిన ప్రాజెక్టు సేవ్ కాక మా అమ్మాయి ఏడుస్తూ కూర్చుంది. ఊళ్లో వాళ్లందరి సిస్టమ్‌లూ బాగుచేసే నేను ఆ రాత్రి నా బిడ్డకి ఏమీ చేయలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఇవాళ మీ ముందు నిలబడటానికి అసలు కారణం అదే.

ఇక డెస్క్‌టాప్ సంగతి. మనం 'సీపీయూ' అని పిలిచే ఆ డబ్బా ఒకటి ఇక్కడ బల్ల మీద పెట్టాను, చూడండి. పక్క డోర్‌కి రెండు స్క్రూలు, అంతే. లోపల అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, దేనికది విడిగా ఉంటాయి. ఏది పోతే అదే మార్చుకోవచ్చు. ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. 1980ల మొదట్లో ఇళ్లకి వచ్చిన కంప్యూటర్లు ఎవరి దారి వాళ్లదే. ఇంగ్లండులో బీబీసీ మైక్రో, సింక్లెయిర్ స్పెక్ట్రమ్, అమెరికా నుంచి కమొడోర్ 64. ఒకదానికి రాసిన ప్రోగ్రాము ఇంకోదాని మీద నడిచేది కాదు. 1984లో మన దేశంలో క్లాస్ అనే పథకం కింద బడుల్లోకి వచ్చినవి ఆ బీబీసీ మైక్రోలే. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీని చూసి దానికి సరిపోయే మిషన్లు పది కంపెనీలు చేయడంతో లోకం ఆ వైపు మళ్లింది, బీబీసీ మైక్రోలు వెనకబడిపోయాయి. 1995లో చిప్‌ల కంపెనీ ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది: బోర్డు ఇంత, స్క్రూ రంధ్రాలు ఇక్కడ, పవర్ సప్లై ఇలా అని. అందుకే ఇవాళ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న బోర్డు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న క్యాబినెట్‌లో చక్కగా కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ కొలత మారలేదంటే మామూలు సంగతి కాదు.

కీబోర్డు మీద టీ ఒలికిందనుకోండి. డెస్క్‌టాప్ అయితే ఐదొందలకి కొత్త కీబోర్డు వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే కీబోర్డుతో పోదు, టీ కిందికి దిగి బోర్డు దాకా వెళ్తుంది. అలాంటి ల్యాప్‌టాప్‌లు నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. విప్పి చూస్తే పంచదార పాకం కట్టి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. సగం మాత్రమే బతుకుతాయి.

బడికెళ్లే పిల్లలున్న ఇంటికి నా సలహా ఎప్పుడూ డెస్క్‌టాపే. మానిటర్ కంటికి ఎదురుగా, చెయ్యి చాపినంత దూరంలో ఉంటుంది, మెడ వంగదు. హాల్లో ఉంటుంది కాబట్టి పిల్లలు ఏం చూస్తున్నారో వంటింట్లోంచి తొంగిచూస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి. ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ రాసేది కంప్యూటర్ మీదే. సెంటర్‌లో మౌస్ పట్టుకుని కూర్చోవాలి. ఫోన్ మీద వేలితో తోయడమే అలవాటైన పిల్లవాడికి ఆ మౌస్ చేతికి లొంగదు, పైగా టైమ్ అయిపోతోందని టెన్షన్. ఇంట్లో రోజూ మౌస్ పట్టినవాడికి ఆ ఒక్క కంగారు ఉండదు.

డెస్క్‌టాప్‌కి ఉన్న చిక్కు కరెంటు. పోయిందంటే చేసిన పని గాల్లో కలిసిపోతుంది. కరెంటు పోగానే బ్యాటరీతో నడిపించే యూపీఎస్, 600 వీఏ సామర్థ్యం ఉన్నది, పెట్టుకుంటే సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపడా సమయం ఇస్తుంది. దాంట్లో బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారు కొందరు. చాలా ఇన్వర్టర్ల మీద ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. అది ఎకోలో ఉంటే కరెంటు మారే ఆ రెప్పపాటులో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ఇంటికెళ్లగానే ఆ స్విచ్ ఎటు ఉందో చూసుకోండి. అలాగే చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయంటే తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు, గోడలో ఎర్తింగ్ సరిగా లేదేమో. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి నెట్టుకురావద్దు, దండం పెడతాను.

మరి ల్యాప్‌టాప్ ఎవరికి? ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లే పిల్లలకి అదే కావాలి, అందులో రెండో మాట లేదు. ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకీ, కరెంటు మాటిమాటికీ పోయే పల్లెల్లో ఉండేవాళ్లకీ అదే నయం. కొనేటప్పుడు షాపులో అడగాల్సింది రంగు గురించి కాదు. "ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా? ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా?" అని అడగండి. తెలియదంటే మోడల్ నంబరు రాసుకుని, ఆ రెండు ముక్కలూ తెలుసుకుని మళ్లీ వెళ్లండి. ఇవాళ్టి రోజున 8 జీబీకి తక్కువ వద్దు, 16 ఉంటే నాలుగేళ్లు నిశ్చింత. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, తర్వాత వేయించుకుందాంలే అంటే ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. స్క్రీన్ 1920 బై 1080 ఉండాలి. 1366 బై 768 స్క్రీన్లు తక్కువ రకాల్లో ఇంకా కనబడుతున్నాయి, వాటి మీద తెలుగు ఒత్తులు, గుణింతాలు చిన్న అక్షరాల్లో అలుక్కుపోయినట్టు ఉంటాయి.

యాపిల్ మ్యాక్‌బుక్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. 2020 నవంబరులో ఎమ్1 అనే సొంత చిప్‌తో వచ్చినప్పటి నుంచి అవి నిజంగా గొప్ప మిషన్లు. ఎయిర్ మోడల్‌లో ఫ్యాను కూడా లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది. కానీ ర్యామ్ ఆ చిప్‌తో పాటే కలిసి వస్తుంది. కొన్న రోజు ఎంత తీసుకున్నామో చివరి రోజు దాకా అంతే. కామర్స్ చదివే పిల్లలు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, అది నేరుగా మ్యాక్ మీద ఎక్కదు, విండోస్ కావాలి. ఐఫోన్ యాప్‌లు చేయడం నేర్చుకునేవాళ్లకి మాత్రం మ్యాక్ తప్పదు. మ్యాక్ మీద మనసు పడ్డవాళ్లని నేను ఆపను. ఆ అబ్బాయో అమ్మాయో చదివే కోర్సుకి ఏ సాఫ్ట్‌వేర్ కావాలో కాలేజీలో కనుక్కున్నాకే డబ్బు కట్టమంటాను.

క్రోమ్‌బుక్ 2011 నుంచి ఉంది. అది దాదాపు పూర్తిగా నెట్ మీద నడిచే మిషను. చదువుకోవడానికి, రాసుకోవడానికి, వీడియో పాఠాలకి చక్కగా సరిపోతుంది, వైరస్ గొడవ తక్కువ. 2021, ఆ తర్వాత వచ్చిన మోడళ్లకి పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం మొదట విడుదలైన కాలం నుంచి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది మర్చిపోవద్దు. ఇంట్లో నెట్ సరిగా రాకపోతే దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తున్నాను, పాత సిస్టమ్‌ల దగ్గరికి. ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్డ్, అంటే బాగుచేసినవి అన్న పేరుతో వస్తుంటాయి. గట్టి సరుకు. అయితే "ఐ5 అండీ, ఐ5" అని అమ్మేవాడి మాట విని కొనేయకండి. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్ పేరు, దాని తర్వాత వచ్చే నంబరు చూడండి. ఐ5-2400 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018ది. స్టిక్కర్ మీద రెండూ ఐ5లే, మధ్యలో ఏడేళ్ల తేడా ఉంది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంకో మాట, ఈ ఆఫీసు మిషన్లలో కొన్నిటికి పవర్ సప్లై ఆ కంపెనీదే పట్టాలి, ఏటీఎక్స్ పట్టదు. క్యాబినెట్ డోర్ తీయించి చూసుకోండి, బిల్లు అడగండి, కనీసం ఆరు నెలల వారంటీ రాయించుకోండి.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. దాంతో బాగా పనిచేస్తున్న సిస్టమ్‌లని పాత సామాన్లవాడికి వేసేద్దామని చాలామంది నా దగ్గరికి వచ్చారు. మా వీధి చివర బట్టలు కుట్టే వదిన ఒకామె వచ్చింది. పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్, హార్డ్ డిస్క్ టక్ టక్ అంటోంది, ఆన్ చేస్తే స్క్రీన్ రావడానికి ఐదు నిమిషాలు. "దీన్ని పడేసి వాయిదాల మీద కొత్తది తీసుకుంటాను తమ్ముడూ" అంది. "తొందరపడకు వదినా" అని కూర్చోబెట్టాను. హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాను, డ్రాయర్‌లో ఉన్న పాత ర్యామ్ ముక్క ఒకటి కలిపాను, విండోస్ తీసేసి దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. దాంట్లో ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రేఆఫీస్ ఉంది, బ్రౌజర్ ఉంది. ఎక్కడైనా ఒకేలా కనబడే యూనికోడ్ తెలుగు శుభ్రంగా వస్తుంది, తెలుగు అక్షరాలు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంది. అర నిమిషం లోపే తెర వచ్చేసరికి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఇప్పుడు కొలతలు, బాకీలు అన్నీ ఆ సిస్టమ్‌లోనే రాసుకుంటోంది. ఆమె కొడుకు దాని మీదే పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాడు. వాయిదా కట్టే పని తప్పింది.

తెలుగు టైపింగ్ గురించి ఎవరో ముందే చీటీ పంపారు. విండోస్, మ్యాక్, క్రోమ్‌బుక్, లినక్స్ అన్నిటిలోనూ తెలుగు ఉంది, దాని కోసం ఒకటి కాదని ఇంకోటి కొనక్కర్లేదు. డీటీపీ పని నేర్చుకుని సంపాదించాలనుకుంటే మాత్రం విండోసే. అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ప్రెస్సులు ఇంకా చాలా ఉన్నాయి.

నా మాటలు ఇంతటితో చాలు, మీ ప్రశ్నలు అడగండి. ఈలోగా ముందు వరసలో ఉన్న పిల్లలు ఇలా రండమ్మా. స్క్రూడ్రైవర్ తెచ్చాను, ప్లగ్ తీసే ఉంది. డోర్ మీరే విప్పండి. లోపల ర్యామ్ ఎక్కడుందో మీ అమ్మా నాన్నలకి మీరే చూపించండి.