కలిపిరాతకు మన కాలాలు

శ్రోతలకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాల పిల్లలకు కొనిచ్చే ఇంగ్లీషు కలిపిరాత, అంటే కర్సివ్, పుస్తకాలు కొన్నింటిలో డిసెంబరు పేజీకి వస్తే మంచు బొమ్మ ఉంటుంది, అక్టోబరు పేజీలో ఎర్రబడి రాలుతున్న ఆకులుంటాయి. విజయనగరంలో మంచు బొమ్మ చేసిన పిల్లవాడెవరు? మనకు డిసెంబరంటే కళ్ళాల్లో నూర్పిళ్ళు, సాయంత్రం కాల్చిన తేగలు. అక్టోబరులో మన చేలు పచ్చగా ఉంటాయి. కాలాన్ని బట్టి చూచిరాత మార్చడం మంచి పద్ధతే. ఆ కాలం ఎవరిదన్నదే నా పేచీ.

చూచిరాతకు ఏ మాట ఇచ్చినా ఒకటే కదా అనుకోవచ్చు. ఒకటి కాదు. కలిపిరాతలో కష్టమంతా అక్షరంలో లేదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉంది. చాలా ఇంగ్లీషు అక్షరాల తోక కింది గీత దగ్గర ముగిసి పక్క అక్షరానికి పాకుతుంది. బి, ఓ, వి, డబ్ల్యూ మాత్రం అలా కాదు. వాటి తోక పైనే ఉండిపోతుంది, పక్క అక్షరాన్ని పైనుంచే అందుకోవాలి. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఓ రాసి, అలవాటుకొద్దీ కిందికి దిగిపోతారు. అది కాస్తా ఏ అయి కూర్చుంటుంది.

జూన్‌లో బడి తెరవగానే ‘మాన్‌సూన్’ అన్న మాట ఇవ్వండి. ఇంగ్లీషులో అందులో మూడు ఓలున్నాయి, రెండు పక్కపక్కనే. ఒక్క మాటతో ఆ పై కలుపు మూడుసార్లు సాధన అవుతుంది. బయట వాన ఉంది కాబట్టి ఆ మాట పిల్లలకు ఎందుకో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద విదేశీ అతిథుల్లా పెలికాన్ పక్షులు దిగుతాయి. ‘పెలికాన్’ అని రాయించండి. ఇందులో ఈ, ఎల్ పక్కపక్కన వస్తాయి. రెండింటిదీ ఒకటే మెలిక, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొట్టిది మధ్య గీత దాటకూడదు, పొడుగుది పై గీతను తాకాలి. నాలుగు గీతల పుస్తకం ఎందుకో పిల్లకు అప్పుడు అర్థమవుతుంది. కోతల వేళ ‘హార్వెస్ట్’ ఇస్తే వి తర్వాత ఈ వస్తుంది; అన్నిటికంటే మొండి కలుపు అదే. వేసవిలో ‘మ్యాంగో’ ఉండనే ఉంది, జీ తోక అట్టడుగు గీత దాకా దిగి మళ్ళీ పైకి రావాలి.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. తెలుగు రాసేటప్పుడు చేయి ఎత్తడం అలవాటు. తలకట్టు ఒకసారి, గుడి ఒకసారి, కింద ఒత్తు ఇంకోసారి. అలా ఎత్తి ఎత్తి రాసే చేతిని ఉన్నట్టుండి ఎత్తకుండా రాయమంటే ఎలా వస్తుంది? దీనికి ధనుర్మాసం మంచి అదను. వాకిట్లో మెలికల ముగ్గు వేసేటప్పుడు చుక్కల చుట్టూ పిండి గీత తెగకుండా తిరుగుతుంది. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలనూ కూర్చోబెట్టి పలక మీద అదే ముగ్గు బలపంతో వేయించండి. చేయి ఎత్తితే మళ్ళీ మొదటికి రావాలన్నదే షరతు. పండగ నాటికి చేతికి సాగే గుణం వస్తుంది. మగపిల్లలకు ముగ్గేమిటని ముసిముసిగా నవ్వే పెద్దలుంటారు, నవ్వనివ్వండి.

అసలు కలిపిరాత మనకు కొత్త కాదు. తెలుగులోనే గొలుసుకట్టు రాత ఉండేది. కరణాలు లెక్కలు, దస్తావేజులు అందులోనే రాసేవారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, ఆ రాత చదివేవాళ్ళూ తగ్గిపోయారు. పాత భూమి కాగితం ఒకటి బయటపడితే, అది చదివిపెట్టే పెద్దాయన కోసం ఊరూరా వెతికే కుటుంబాలు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండింట్లోనూ ఉన్నాయి. కాబట్టి పిల్లలను వేగం కోసం తొందరపెట్టకండి. కలిపిరాత పుట్టింది వేగం కోసమే అయినా, ఇంకొకరు చదవలేకపోతే ఆ వేగానికి అర్థం లేదు.

ఫోన్లు వచ్చాక ఈ సాధనంతా దేనికని అడిగేవాళ్ళున్నారు. ఫిన్లాండ్ 2016లో కలిపిరాతను తప్పనిసరి పాఠాల నుంచి తీసేసింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో చట్టం చేసి మళ్ళీ బడిలోకి తెచ్చుకుంది. వాళ్ళ లెక్కలు వాళ్ళవి. మన పిల్లలు మాత్రం పదో తరగతి పరీక్ష ఇంకా చేత్తోనే రాస్తున్నారు.

రోజుకు ఎంత రాయించాలి? అయిదారు వరుసలు చాలు. పేజీ నిండా రాయిస్తే ఏం జరుగుతుందో పుస్తకం తెరిస్తే కనిపిస్తుంది: మొదటి వరుస ముత్యాల్లా ఉంటుంది, చివరి వరుస కోడి గీకినట్టుంటుంది. ఆ చివరి వరుసే చేతికి అలవాటవుతుంది. తప్పు చేసినందుకు వందసార్లు రాయమనే శిక్ష అయితే దస్తూరిని పాడుచేయడానికి తిరుగులేని ఉపాయం. పైడితల్లి పండగలో సిరిమాను చూసి వచ్చిన మర్నాడు అలసిన పిల్లతో అసలు రాయించవద్దు. కావాలంటే తను చూసినదాన్ని ఒక్క వాక్యం తెలుగులో రాయమనండి, ఆ వాక్యం తనదై ఉండాలి.

ఎడమచేతి పిల్లల గురించి ఒక మాట. చేయి మార్పించవద్దు. కుడిచేతి పిల్లలు పుస్తకాన్ని కొంచెం ఎడమకు వాల్చుకుంటారు కదా, వీళ్ళకు కుడికి వాల్చండి. పెన్సిలును మొనకు కాస్త దూరంగా పట్టుకోమనండి, రాసింది చేతి కింద పడి మాసిపోకుండా కనిపిస్తూ ఉంటుంది. బల్ల మీద ఎడమ చివర కూర్చోబెడితే పక్కవాళ్ళ మోచేయి తగలదు. ఈ మాట వాళ్ళ టీచరుగారితో కూడా చెప్పండి.

సెలవు.