ఆట ఎవరి చేతిలో: పంతొమ్మిదో శతాబ్ది అమెరికా కళాశాలల్లో క్రీడలు

మాన్యులైన అధ్యాపకులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

కళాశాల క్రీడలనగానే వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆయన మెడలో ఈల, యాజమాన్యం మంజూరు చేసే ప్రయాణ ఖర్చులు మనకు గుర్తుకు వస్తాయి. అమెరికాలో కళాశాలల మధ్య పోటీలు మొదలైన రోజుల్లో ఇవేవీ లేవు. జట్టును కూర్చుకున్నదీ, చందాలు పోగుచేసిందీ, ఎదుటి కళాశాలకు ఉత్తరం రాసి పందెం ఖాయం చేసుకున్నదీ విద్యార్థులే. ఆ పెత్తనం వారికి ఎలా వచ్చిందో, శతాబ్దం ముగిసేలోగా ఎలా చేజారిందో ఈ రోజు చెప్పదలచుకున్నాను.

ఆనాటి దినచర్య కఠినమైనది. ఉదయాన్నే ప్రార్థన మందిరంలో హాజరు, ఆపైన లాటిన్, గ్రీకు పాఠాలు గురువు ముందు అప్పజెప్పడం, అప్పజెప్పినదానికి మార్కులు. మన వీధిబడి పద్ధతికి ఇదేమీ పెద్ద దూరం కాదు. హార్వర్డ్‌లో ప్రార్థనకు రావడం విద్యార్థి ఇష్టానికి వదిలేసింది 1886లోనే. తరగతి బయట ఆ యువకులు చర్చా సంఘాలు, రహస్య సంఘాలు, పత్రికలతో తమదైన మరో లోకం కట్టుకున్నారు. ఆటలు ఆ లోకానివే తప్ప పాఠ్యప్రణాళికవి కావు.

అయితే ఆ స్వతంత్రంలో మొదటినుంచీ ఒక మెలిక ఉంది. 1852 ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సుపై హార్వర్డ్, యేల్ విద్యార్థులు పడవ పందెం వేసుకున్నారు. అమెరికాలో కళాశాలల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ ఇదే. దాని ఖర్చు భరించింది ఆ సరస్సు వైపు ప్రయాణికులను రప్పించుకోవాలనుకున్న ఒక రైలు కంపెనీ! హార్వర్డ్ గెలిచింది. క్రీడల్లోకి డబ్బు నిన్నమొన్న వచ్చిందని వాపోయేవారికి నేనెప్పుడూ ఈ పందేన్నే గుర్తుచేస్తుంటాను.

1859లో ఆమ్హర్‌స్ట్, విలియమ్స్ కళాశాలలు బేస్‌బాల్ ఆడాయి, స్కోరు 73-32. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు ఒక్కోవైపు ఇరవై అయిదుగురితో ఫుట్‌బాల్ ఆడాయి. అప్పట్లో కళాశాలకో రకం నియమాలు ఉండేవి కాబట్టి, ఆడబోయే ముందు ఎవరి పద్ధతిలో ఆడాలో తేల్చుకోవలసి వచ్చేది. ఆ నియమాలను 1876 నుంచి ఒక దారికి తెచ్చి, బంతిని చేతపట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌గా మలచింది కళాశాలల అధ్యక్షులు కాదు, విద్యార్థి ప్రతినిధుల సమావేశాలు. వారిలో యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ ప్రముఖుడు. జట్టుకు పదకొండుగురు చాలని, బంతి ఒక పక్షం స్వాధీనంలో ఉండగా ఆట మొదలుకావాలని 1880లో ఒప్పించాడు. దానితో కొత్త చిక్కు వచ్చిపడింది. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ చెరో సగం సేపు బంతిని వదలకుండా పట్టుకు కూర్చోగా ఆట గోలు లేకుండానే ముగిసింది. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు సాగకపోతే బంతి వదులుకోవాలన్న 1882 నియమం ఆ విసుగులోంచి పుట్టింది. కుర్రవాళ్ల తగవులోంచి ఇంత పకడ్బందీ శాస్త్రం పుట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఆడపిల్లల సంగతి వేరు. 1893లో స్మిత్ మహిళా కళాశాలలో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ బాస్కెట్‌బాల్ పోటీ ఆడించినప్పుడు మగవారిని చూడటానికి కూడా రానివ్వలేదు.

గెలుపు మీద మోజు పెరిగేకొద్దీ ఫుట్‌బాల్ మొరటుదేరింది. 1894లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హార్వర్డ్, యేల్ ఆటగాళ్లకు తగిలిన దెబ్బలు చూశాక ఆ రెండు కళాశాలలు రెండేళ్లపాటు ఫుట్‌బాల్‌లో తలపడలేదు. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ ఆటను గట్టిగా వ్యతిరేకించారు. యౌవనంలో తలకు ఎర్ర పట్టు రుమాలు చుట్టుకుని పడవ పందేల్లో తెడ్డు వేసిన మనిషే ఆయన. 1882లో అక్కడ అధ్యాపకులతో ఏర్పడిన క్రీడా సంఘం 1888లో ముగ్గురు అధ్యాపకులు, ముగ్గురు పూర్వ విద్యార్థులు, ముగ్గురు విద్యార్థుల సంఘంగా మారింది. సొంత ఆటలో విద్యార్థికి మిగిలింది మూడోవంతు మాట.

ఎనిమిదేళ్ల తర్వాత అదే హార్వర్డ్‌లో జేమ్స్ కొనలీ అనే పేదింటి విద్యార్థి ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లడానికి సెలవు కోరాడు. దొరకలేదని, అందుకే కళాశాల వదిలి బయలుదేరానని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. 1896 ఏప్రిల్ 6న ట్రిపుల్ జంప్‌లో గెలిచి ఆధునిక ఒలింపిక్స్‌లో తొలి విజేత అయ్యేనాటికి అతడు ఏ కళాశాల విద్యార్థీ కాదు.