రౌటర్ మనది, పాస్‌వర్డ్ కూడా మన దగ్గరే ఉండాలి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. పరిచయాలు, శాలువాలతోనే చాలా సమయం గడిచింది, నేరుగా విషయంలోకి వస్తాను.

వైఫై రౌటర్‌లోకి కొత్త ఫర్మ్‌వేర్ ఫైల్, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కించి, దాన్ని ఎలా సెట్ చేసుకోవాలో చెప్పమన్నారు. ముందు కొంచెం చరిత్ర. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ అమ్మింది. అందులో నడుస్తున్నది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అని మరుసటి ఏడాది కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్ వాడుకుని వస్తువు అమ్మినవాళ్లు ప్రోగ్రామర్లు రాసిన ఆ సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, లినక్స్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్స్ షరతు అది. గట్టిగా అడిగారు. అప్పటికి లింక్‌సిస్‌ను కొనేసిన సిస్కో కోడ్ బయటపెట్టక తప్పలేదు. ఆ కోడ్ ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ ఫర్మ్‌వేర్ మొదలైంది. అడగడం వల్ల వచ్చింది బాబూ అది! ఎవరూ దానంగా ఇవ్వలేదు.

ఇక ఎక్కించే పద్ధతి చెప్పాలి. దానికంటే ముందు మా ఊరి గ్రంథాలయం సంగతి చెప్పనివ్వండి. అక్కడి రౌటర్ గ్రంథాలయం డబ్బుతో కొన్నదే, రసీదు కూడా గ్రంథాలయం పేరునే ఉంది. ఇంటర్నెట్ ఇచ్చినాయన వచ్చి బిగించి, తన షాపు పేరే వైఫై పేరుగా పెట్టి వెళ్లాడు. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అదే రేడియో ఛానల్‌లో ఉండటంతో సాయంత్రమైతే పేజీ తెరుచుకోదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాళ్లు. 1 నుంచి 6కో 11కో ఛానల్ మారిస్తే చాలు. అందుకు రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ అడిగితే "ఇవ్వకూడదు సార్" అన్నాడు. మళ్లీ అడిగినా అదే మాట. ఇల్లు మన పేరున రిజిస్టర్ అయ్యాక తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంటే ఊరుకుంటామా? తర్వాత ఆయన వ్యాపారం మూసేశాడు, ఫోన్ ఎత్తడు. రీసెట్ నొక్కినా లేబుల్ మీది పాస్‌వర్డ్ పని చేయలేదు. బాగున్న రౌటర్ అట్టపెట్టెలోకి వెళ్లిపోయింది. దీని గురించి మాట్లాడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపంతోనే ఇక్కడికి వచ్చాను.

ఆ రౌటర్‌ను బతికించింది టీఎఫ్‌టీపీ. నెట్‌వర్క్‌లో ఫైల్ పంపే 1981 నాటి చిన్న పద్ధతి. పాస్‌వర్డ్ అడగదు, ఫైల్‌ను 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది. టీపీ-లింక్ వారి చాలా మోడళ్లలో ఇలా చేస్తారు: ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్, అంటే ఫైల్ అందించే ప్రోగ్రామ్, నడపాలి, దాని ఐపీ అడ్రస్ 192.168.0.66 పెట్టాలి, కేబుల్ తగిలించాలి. రీసెట్ బటన్ నొక్కిపట్టి రౌటర్ ఆన్ చేస్తే, అదే వచ్చి ఫైల్ అడుగుతుంది. ఫైల్ పేరు మోడల్‌కు చెప్పిన పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ టీఎఫ్‌టీపీ వాడే 69వ పోర్టును అడ్డుకుంటే ఏమీ జరగదు, రౌటర్ పాడైందని టెన్షన్ పడకండి. లైట్లు మినుకుతున్నంతసేపూ ప్లగ్ ముట్టుకోవద్దు. రాసే మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది, యూపీఎస్ మీద పెట్టుకోండి.

మీ దగ్గర పాస్‌వర్డ్ ఉంటే ఇంత కష్టం లేదు, బ్రౌజర్‌లో ఫర్మ్‌వేర్ పేజీ నుంచే ఎక్కించవచ్చు. ఆ తర్వాతి అప్‌గ్రేడ్ ఫైళ్లను ఎస్‌సీపీ అనే ఫైల్ పంపే కమాండ్‌తో రౌటర్‌లోని టీఎంపీ ఫోల్డర్‌లోకి పంపండి. అది ర్యామ్‌లో ఉంటుంది, ఆపితే ఫైల్ పోతుంది. కమాండ్‌లో మైనస్ పెట్టి క్యాపిటల్ ఓ రాయడం మరిచిపోవద్దు. ఎస్‌సీపీ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో భాగం; 2022లో వచ్చిన దాని 9.0 వెర్షన్ నుంచి ఎస్‌సీపీ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతోంది, రౌటర్‌లో మామూలుగా ఆ సర్వర్ ఉండదు, ఆ ఓ పెడితే పాత పద్ధతిలోనే పంపుతుంది. ఎక్కించే ముందు చెక్‌సమ్, అంటే ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే సంఖ్య, సరిచూడండి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కాక బ్రౌజర్‌లో 192.168.1.1 తెరవండి. రూట్ అనే అడ్మిన్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండదు, మొదటి పని అది పెట్టడమే. చాలా మోడళ్లలో వైఫై ఆఫ్‌లో ఉంటుంది. దేశం ఇండియా అని ఎంచుకుని, వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టి అప్పుడు ఆన్ చేయండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత పెట్టెలకు మాత్రం కొత్త వెర్షన్లు రావు, వాటితో శ్రమ పడొద్దు.

అమ్మా, చివరి వరుసలో వాళ్లు వినండి! ఇంటికెళ్లి మీ రౌటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో అడగండి. బిగించడానికి వచ్చిన మనిషి గుమ్మం దాటకముందే రాయించుకుని, ఆయన ఎదుటే మార్చండి. పంచాయతీ, బడి, గ్రంథాలయం రౌటర్లకైతే ఆ పాస్‌వర్డ్ స్టాక్ రిజిస్టరుతో పాటు బీరువాలో ఉండాలి.

పాత రౌటర్లు తెచ్చినవాళ్లు ముందుకు రండి. అడుగున లేబుల్ మీద మోడల్ నంబర్, దాని పక్కనే హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటాయి. రెండూ కాగితం మీద రాసి ఇవ్వండి. వెర్షన్ తెలియకుండా ఫైల్ ఎక్కించను.