డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు మారేటప్పుడో, పిల్లలు పెద్దవాళ్లయ్యాకో ఇంట్లో కొన్ని సామాన్లు మిగిలిపోతాయి. పాత ఫ్రిజ్, డబుల్ కాట్ మంచం, ఎవరూ తొక్కని సైకిలు. ఇదివరకు వాటిని సెకండ్ హ్యాండ్ షాపులో వచ్చినకాడికి ఇచ్చేసేవాళ్లం. ఇప్పుడు నాలుగు ఫోటోలు తీసి ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెడుతున్నాం. మంచి పద్ధతే. వస్తువు మూలన పడి పాడవకుండా అవసరమున్నవాళ్లకు తక్కువ ధరకు దొరుకుతుంది.

అయితే మోసపోతే కొనేవాళ్లే మోసపోతారని మనలో చాలామంది నమ్మకం. వస్తువు మన ఇంట్లోనే ఉంది, డబ్బు మనకే రావాలి, ఇంక మనకేం పోతుంది అనుకుంటాం. మోసగాడు ఆ ధీమా మీదే ఆధారపడతాడు. అతనికి మీ ఫ్రిజ్‌తో పని లేదు, మీ బ్యాంకు ఖాతాతోనే పని.

ప్రకటన పెట్టిన కాసేపటికే ఫోన్ వస్తుంది. అవతలి మనిషి హిందీలోనో, వచ్చీరాని తెలుగులోనో చాలా మర్యాదగా మాట్లాడతాడు. "సార్, నేను ఆర్మీలో పనిచేస్తాను. సికింద్రాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. ఫ్రిజ్ నచ్చింది, ధర మీరు చెప్పిందే" అంటాడు. బేరమాడడు, చూడటానికి వస్తాననడు. వాట్సాప్‌లో యూనిఫాంలో ఉన్న ఫోటో, ఒక గుర్తింపు కార్డు పంపుతాడు. సైనికుడంటే మనకు గౌరవం కాబట్టి అక్కడితో అనుమానం పోతుంది. దేశం కోసం నిలబడేవాళ్ల పేరును ఇలా వాడుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. ఆ కార్డు ఎవరిదో తెలియదు. అది అసలైనదే అయినా, అది పంపినవాడిదే అనుకోవడానికి ఆధారం లేదు. పాత సామాను చూడకుండా, బేరమాడకుండా కొంటాననే మనిషి ఏ ఉద్యోగం చేస్తున్నానని చెప్పినా ఆగి ఆలోచించాల్సిందే.

తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. "ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, డబ్బు మీ అకౌంట్‌లో పడుతుంది" అంటాడు. మీకు నమ్మకం కుదరడానికి ముందు అయిదు రూపాయల కోడ్ పంపుతాడు. మీ ఖాతాలోంచి అయిదు పోగానే, తన వైపు నుంచి నిజంగానే పది రూపాయలు వేస్తాడు. చూశారా, రెట్టింపు వచ్చిందంటాడు. ఆ వెంటనే వేలల్లో కోడ్ వస్తుంది. అది స్కాన్ చేసి పిన్ కొడితే వేలు పోతాయి. పొరపాటు జరిగింది, మళ్లీ చేస్తే మొత్తం తిరిగి వస్తుందని ఇంకో కోడ్ పంపుతాడు. పోయింది రాబట్టుకోవాలనే టెన్షన్‌లో మనిషి రెండోసారీ, మూడోసారీ పిన్ కొట్టేస్తాడు. పెద్ద మొత్తాలు పోయేది ఇక్కడే.

ఒక్కసారి కిరాణా షాపు గుర్తు తెచ్చుకోండి. అక్కడ స్కాన్ చేసేది, పిన్ కొట్టేది సరుకు కొన్న మనం. డబ్బు అందుకునే షాపతను ఏమీ కొట్టడు. మీరు వస్తువు అమ్ముతున్నప్పుడు ఆ షాపతను మీరే. యూపీఐ యాప్ ఖాతాలోంచి డబ్బు బయటికి పంపడానికి పిన్ అడుగుతుంది, లోపలికి రావడానికి ఎప్పుడూ అడగదు. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి డబ్బు కోసం రిక్వెస్ట్ పంపే పద్ధతిని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆదేశించింది. అయినా క్యూఆర్ కోడ్‌ల దారి, లింకుల దారి తెరిచే ఉన్నాయి కాబట్టి మన జాగ్రత్త మనకుండాలి.

మనిషి ఇంటికే వచ్చాడనుకోండి. డబ్బు పంపానని తన ఫోన్‌లో పచ్చటి టిక్ మార్కు చూపిస్తాడు. పేమెంట్ యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌లున్నాయి, కాబట్టి అతని ఫోన్ చూసి సామాను ఇవ్వకండి. మీ ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకోండి. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయమని అడిగినా చేయాల్సింది అదే. డబ్బు జమైనట్టు మెసేజ్ పది అంకెల మామూలు నంబర్ నుంచి వస్తే అది బ్యాంకు పంపింది కాదు.

డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ బ్యాంకుకూ చెప్పండి. దొంగిలించిన డబ్బును వాళ్లు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వేగంగా తిప్పేస్తారు. ఎంత త్వరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో అమ్మో నాన్నో మోసపోతే దయచేసి తిట్టకండి. తిడతారనే భయంతోనే పెద్దవాళ్లు సాయంత్రం దాకా నోరు విప్పరు, ఆలోపు డబ్బు చేయి దాటిపోతుంది.

బండి అమ్మేవాళ్లకు మాత్రం ఇంకో చిక్కుంది. ఇందులో కొనేవాడు డబ్బు సక్రమంగానే ఇస్తాడు. ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, తన పేరు మీదికి మార్చుకోడు, అంతే. అవతల ఎవరో సిగ్నల్ దాటితే చలానా మీకు వస్తుంది. అదైనా కట్టుకోవచ్చు. ప్రమాదం జరిగి ఎవరైనా చనిపోతే? సుప్రీంకోర్టు ముందుకు అలాంటి కేసే వచ్చింది. కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదంలో ఒకరు చనిపోయారు. రికార్డులో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో కోర్టు తీర్పు చెప్పింది.

అందుకే బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యాకే తాళం ఇవ్వండి. బండి అప్పగించిన తేదీ, సమయం రాసి కొన్నాయనతో సంతకం చేయించుకోండి, ఆయన గుర్తింపు కార్డు కాపీ దగ్గర పెట్టుకోండి. బండి అమ్మినట్టు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయడం అమ్మినవాళ్ల బాధ్యతేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మితే ఆ గడువు 45 రోజులు. "నేను మార్పించుకుంటాలెండి అన్నా" అని కొనేవాడు ఎంత భరోసా ఇచ్చినా, పేరు మారిందో లేదో రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి మీరే చూసుకోండి.

నమస్కారం.