రాయి కింద రేకు: హామ్లెట్ పక్కన లేయర్టీస్ ఎందుకు?

నమస్కారం అండీ. చెన్నై టీ నగర్ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో హారన్లు వినపడితే ఏమీ అనుకోకండి, కిటికీ మూస్తే ఉక్కపోత.

ముందు ఇది చూడండి. గిల్టు ఉంగరంలోంచి ఊడిన ఎర్రరాయి. కాగితం మీద పెడితే పాలిపోయినట్టుంది కదా? ఇప్పుడు కింద చాక్లెట్ చుట్టిన వెండి రేకు ముక్క పెడుతున్నా... కెమెరా దగ్గరికి తెస్తాను... చూశారా, ఎలా వెలిగిందో! పాతకాలం నగల్లో రాళ్ల కింద ఇలాంటి పలచటి రేకే పెట్టేవారు. ఇంగ్లీషులో దాని పేరు ఫాయిల్. నాటకాల్లో, పక్కనుండి ఇంకో పాత్రను వెలిగించే పాత్రని ఫాయిల్ పాత్ర అనే మాట అక్కడిదే.

పరీక్షలో చాలామంది 'ఫాయిల్ అంటే వ్యతిరేక పాత్ర' అని రాసి ఊరుకుంటారు. అది సగమే. ముందు ఇద్దరికీ ఒకే కష్టం రావాలి. తేడా అప్పుడే బయటపడుతుంది.

షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకం చూడండి. రాకుమారుడు హామ్లెట్ తండ్రిని బాబాయి క్లాడియస్ చంపి, తనే రాజయ్యాడు. లేయర్టీస్ అనే ఇంకో యువకుడి తండ్రిని హామ్లెట్టే చంపాడు, తెర వెనక ఎవరున్నారో చూడకుండా పొడిచి. ఇద్దరికీ పగ తీర్చుకోవాల్సిన బాధ్యతే. మూడో అంకం మూడో రంగంలో క్లాడియస్ ఒంటరిగా ప్రార్థనలో దొరుకుతాడు. హామ్లెట్ కత్తి దూస్తాడు. ఇప్పుడు చంపితే వీడు స్వర్గానికి పోతాడేమో అని లెక్కలేసుకుని వెళ్లిపోతాడు! నాలుగో అంకంలో అదే క్లాడియస్, నువ్వైతే ఏం చేస్తావని లేయర్టీస్‌ని అడుగుతాడు. చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానంటాడు లేయర్టీస్. వీడియో ఇక్కడ ఆపి, రెండు రంగాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

హామ్లెట్ చోట లేయర్టీస్ ఉంటే రెండో అంకానికల్లా నాటకం అయిపోయేది. అలాగని అతను గొప్పవాడేం కాదు. ఆ తొందరే అతన్ని రాజు చేతిలో కీలుబొమ్మను చేసింది, కత్తికి విషం పూయించింది. ఇదే నాటకంలో నార్వే రాకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ కూడా తండ్రిని పోగొట్టుకున్నవాడే, అతన్ని మీకే వదిలేస్తున్నా.

మన సారంగధర కథలోనూ అంతే. సారంగధరుడి పావురం అతని సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలితే, వెళ్లొద్దని మంత్రి కొడుకు సుబుద్ధి అంటాడు. సారంగధరుడు వెళ్తాడు. ఆ కథను విషాద నాటకంగా రాసిన బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి బృందం 1891లో ఈ మద్రాసుకే వచ్చి నాటకాలాడింది.

ఆఖరి అంకంలో ఒక్క మాట చూడండి. కత్తిపోటీకి ముందు హామ్లెట్ తనే అంటాడు: లేయర్టీస్, నీకు నేను ఫాయిల్‌ని, నా చేతగానితనం పక్కన నీ నేర్పు చీకట్లో చుక్కలా మెరుస్తుంది అని. కత్తిసాము కత్తికీ ఫాయిల్ అనే పేరు, అందుకే ఆ శ్లేష. ఎవరు రాయో ఎవరు రేకో అక్కడ హామ్లెట్ తిరగేసేశాడు.