ఫ్లాపీల్లో ఉండిపోయిన తెలుగు

సభలో ఉన్న పెద్దలకు, ప్రెస్సుల మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మీ కంప్యూటర్లో హార్డ్ డిస్కుకి సి డ్రైవ్ అని పేరుంటుంది. మరి ఏ, బి ఏమయ్యాయి? అవి ఫ్లాపీలు, అంటే ఫైళ్లు దాచుకునే పల్చటి అయస్కాంత డిస్కులు, పెట్టే డ్రైవుల అక్షరాలు. 1981లో ఐబీఎం తన మొదటి పీసీని తెచ్చినప్పుడు దాంట్లో హార్డ్ డిస్కే లేదు. 1983లో వచ్చిన దాని తర్వాతి మోడల్ ఎక్స్‌టీలో 10 ఎంబీ డిస్కు పెట్టారు. చెప్పులు బయట విప్పి ఏసీ గదిలోకి వెళ్లి మా తరం నేర్చుకున్నది ఆ కాలపు మెషీన్ల మీదే. ఒక ఫ్లాపీతో కంప్యూటర్ని నడిపే డాస్ ఎక్కించి, అది తీసి వర్డ్‌స్టార్ అనే రాత సాఫ్ట్‌వేర్ ఫ్లాపీ పెట్టేవాళ్లం. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. ఇవాళ ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కటి కూడా అందులో పట్టడం కష్టం.

వర్డ్‌స్టార్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. మౌస్‌తో పనే లేదు. కంట్రోల్ నొక్కి ఈ, ఎస్, డి, ఎక్స్ కొడితే కర్సర్ నాలుగు దిక్కులకూ కదిలేది. కె బి, కె కె అని పేరాకి మొదలూ చివరా గుర్తు పెట్టి, కె వి కొడితే ఆ పేరా మొత్తం ఇంకోచోటికి వెళ్లేది. చెయ్యి కీబోర్డు మీంచి లేవదు, చూపు వాక్యం మీంచి కదలదు. రాసేవాడికి అంత అనువైన సాఫ్ట్‌వేర్ మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

అసలు నేను చెప్పాలనుకున్నది తెలుగు సంగతి. 1980ల్లో ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు ఉండేది. దాన్ని కంప్యూటర్లో బిగిస్తే డాస్ తెర మీదే తెలుగు కనిపించేది. దాని వెనక భారతీయ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే ఇస్కీ అనే పద్ధతి ఉంది, 1991లో దేశ ప్రమాణం అయింది. క అన్న అక్షరానికి అందరికీ ఒకటే నంబరు. ఎంత ముందుచూపు! అదే ఏడాది ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది.

కానీ మన పుస్తకాలు ఆ దారిలో నడవలేదు. విజయవాడ అంటే పుస్తకాల ఊరు. ఏలూరు రోడ్డు పొడవునా ప్రచురణ సంస్థలు, వాటి వెనక సందుల్లో ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు. సీసపు అక్షరాలు పోయి, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చింది. దాంతోపాటు అను, శ్రీలిపి ఫాంట్లు వచ్చాయి. ఆపరేటర్లు రాత్రింబవళ్లు కూర్చుని, ప్రూఫులు దిద్ది, ట్రేసింగ్ తీసి ప్లేటుకి పంపేవాళ్లు. మన కథలు, పాఠ్యపుస్తకాలు, పంచాంగాలు వాళ్ల వేళ్ల మీదుగా వచ్చినవే. ఆ చేతులకు దక్కవలసిన గౌరవం దక్కలేదు.

ఆ ఫాంట్లు దాచింది అక్షరాన్ని కాదు, ఆకారాన్ని. ఆకారాలు పెట్టడానికి ఒక ఫాంటులో ఉన్న గదులు 256. తలకట్టుకి ఒక నంబరు, ఒత్తుకి ఇంకొకటి, గుడి కలిసిన అక్షరానికి మరొకటి, అవీ ఏ కంపెనీ నంబర్లు ఆ కంపెనీవే. అప్పుడు వేరే మార్గం కూడా లేదు. విండోస్‌లో తెలుగు యూనికోడ్ సరిగా అందింది 2001లో ఎక్స్‌పీతోనే. ఫలితంగా ఆ ఫైలు ఇవాళ ఫాంటు లేకుండా తెరిస్తే తెలుగు ముక్క కనిపించదు, ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. వెతుకుదామంటే దొరకదు.

అందుకే పాత మెషీన్ని మ్యూజియం వస్తువుగా చూడొద్దంటున్నాను. ఆ పుస్తకాల్లో చాలా వాటికి మళ్లీ అచ్చు రాలేదు. వాటి ఫైళ్లున్న ఫ్లాపీలు నేల అంతస్తు గదుల్లో అట్టపెట్టెల్లో పడున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో ఉన్న రోజుల్లో నాకు ఒకటే టెన్షన్, అలాంటి పెట్టెలు ఎన్ని మునిగాయో అని. వరద రాకపోయినా మన కృష్ణా తీరపు తేమకి ఫ్లాపీకి బూజు పడుతుంది.

చేయగలిగిన పని చాలా ఉంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి యూఎస్‌బీ డ్రైవు దొరుకుతుంది. ఐదుంపావుకి అది పనికిరాదు, పాత డ్రైవే కావాలి, కాబట్టి అలాంటి డ్రైవున్న డబ్బాని పాత సామాన్లవాడికి వేయకండి. డాస్ ప్రోగ్రాములు, ఇప్పటి కంప్యూటర్లో పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో నడుస్తాయి. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లని, పేజీలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 తెరుస్తుంది. ఫాంటు ఏదో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు తారుమారవుతాయి, మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. అక్కడే విద్యార్థుల సాయం కావాలి.

ప్రెస్సుల మిత్రులు ముందుగా ఒక్క పని చేయండి. ఫ్లాపీ మీద పుస్తకం పేరుతోపాటు ఫాంటు పేరు, దాని వెర్షన్ రాయండి. ఆ ఫాంటు ఫైలు కూడా విడిగా దాచండి. మూడున్నర ఫ్లాపీ డ్రైవులో పెట్టేముందు మూలనున్న చిన్న పలకని జరిపి కన్నం తెరిచి ఉంచండి. అప్పుడు పొరపాటున కూడా దాని మీద ఏదీ రాయబడదు.